ఒక్కరోజులో ఓరుగల్లు: కోటకు పోవాలా, వేయిస్తంభాల గుడికా, రామప్పకా?

పిల్లలకు సెలవులు ఇచ్చారంటే చాలు, చుట్టాల దగ్గర్నుంచి ఫోన్లు మొదలవుతాయి. వరంగల్ వస్తున్నాం, ఒక్కరోజే ఉంటాం, ఏవేవి చూడమంటావ్ అని. దీనికి అందరికీ ఒకే జవాబు చెప్పలేం. మోకాళ్ల నొప్పులున్న బాపమ్మ వెంట ఉంటే ఒక లెక్క, చంకలో ఏడాది పిల్లాడుంటే ఇంకో లెక్క, ఆరో తరగతి ఏడో తరగతి పిల్లలు ముగ్గురు నలుగురు కలిసి వస్తుంటే అది పూర్తిగా వేరే లెక్క. అందుకే ఎవరితో వస్తున్నారు, ఎంతసేపు నడవగలరు, ఎన్నింటికి తిరుగు బండి ఎక్కాలి అన్న మూడు సంగతులు ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఏది గొప్పది అనే పంచాయితీ మాత్రం పెట్టుకోవద్దు, కాకతీయులు కట్టినవాటిలో తక్కువది ఏదీ లేదు.

ఇంకొక మాట ముందే గట్టిగా చెప్తా. కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి, రామప్ప, లక్నవరం, అన్నీ ఒకే రోజు చూపిస్తామనే ప్యాకేజీ జోలికి కుటుంబంతో పోవద్దు. హన్మకొండ నుంచి రామప్ప దాదాపు 65–70 కిలోమీటర్లు, పోనూ రానూ రోడ్డు మీదే మూడు గంటలు పోతాయి. దానికి లక్నవరం కలిపితే ఇంకా ఎక్కువ. మిగిలిన టైమును అయిదు చోట్లకు పంచితే ఒక్కో చోట మిగిలేది ఎంత? మా పిన్నివాళ్లు ఒకసారి ఇట్లాంటి వ్యాన్‌లోనే వచ్చారు. కోట దగ్గర అరగంట టైమిచ్చి డ్రైవర్ హారన్ కొడుతూ కూర్చున్నాడట. పిల్లలు తోరణం ముందు నిలబడి ఫోటో దిగి, ఉరుక్కుంటూ వచ్చి ఎక్కారు. రాతికోట గోడ మీదికి ఎక్కనేలేదు. తర్వాత కోట ఎట్లుందిరా అని అడిగితే "నాలుగు తోరణాలున్నాయి" అన్నారు, అంతే. అంత దూరం వచ్చి, అంత డబ్బు పెట్టి, పిల్లలకు దక్కింది ఆ ఒక్క ముక్క. నాకు నిజంగా బాధనిపించింది.

కాబట్టి ఒక్కరోజుకు ఒక పెద్ద చోటు, దానికి తోడు ఒక చిన్న చోటు పెట్టుకోండి, చాలు.

పిల్లలుంటే నా ఓటు కోటకే. ఎందుకో చెప్తా. గుళ్లో పిల్లల్ని అరవొద్దు, ఉరకొద్దు, అటు పోవద్దు అని వెంట తిరగాల్సిందే. కోటలో స్థలానికి కొదవ లేదు, కాళ్లు నొప్పి పుట్టేదాకా తిరగొచ్చు. అదీకాక మిగతా చోట్ల చరిత్ర అంటే గైడ్ చెప్పే మాట వినడమే, ఖిలా వరంగల్‌లో మాత్రం లోపలికి పోయే దారిలోనే చరిత్ర మొదలవుతుంది. ముందు మట్టికోట వస్తుంది, చూడటానికి గడ్డి మొలిచిన పెద్ద కట్టలాగా ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని గమనించకుండానే దాటేస్తారు. తర్వాత కందకం, ఆ తర్వాత రాతికోట దర్వాజా. ఆటో ఆ దర్వాజాలోంచే పోతుంది, కానీ తిన్నగా పోదు, ఒక పక్కకు తిరిగి, మళ్లీ ఇంకో పక్కకు తిరిగి లోపలికి వస్తుంది. అక్కడ ఆటో ఆపించి కిందికి దిగండి. దారి ఇట్లా వంకర ఎందుకు పెట్టారో చెప్పమని పిల్లల్ని అడగండి. ఏనుగులు, గుర్రాలు ఒక్క ఊపున దూసుకొచ్చి తలుపును గుద్దకుండా, మలుపులో నెమ్మదించిన శత్రువు మీద గోడపై నుంచి బాణాలు వేయడానికి అని వాళ్లంతట వాళ్లే చెప్పేస్తారు. పాఠం చెప్పక్కర్లేదు.

రాజధానిని హన్మకొండ నుంచి ఓరుగల్లుకు మార్చి ఈ రాతిగోడ పని పట్టాలెక్కించింది గణపతిదేవుడు. పూర్తి చేయించింది ఆయన కూతురు రుద్రమదేవి. సున్నం పెట్టి కట్టింది కాదు, పెద్దపెద్ద రాళ్లను ఒకదానికొకటి సరిపోయేలా చెక్కి పేర్చిన గోడ. 45 బురుజులుంటాయి. రాతికోట ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 1.2 కిలోమీటర్లు, మట్టికోట దానికి రెండింతలు. లోపలి వైపు నుంచి మెట్లెక్కి గోడ మీదికి పోయారంటే ఒక పక్క కందకం, ఇంకో పక్క ఇళ్లు, పొలాలు, బర్రెలు. అవును, కోటలో ఇప్పటికీ ఊరుంది. మామూలుగా జనం కాపురముంటున్నారు, వ్యవసాయం చేసుకుంటున్నారు. రుద్రమదేవి కథ చెప్పాలనుకుంటే ఇక్కడ గోడ మీద నిలబడి చెప్పండి. ఆడమనిషి గద్దెనెక్కడం సహించలేక ఎదురుతిరిగిన వాళ్ల గురించి, దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తి వస్తే ఆమె తిప్పికొట్టిన సంగతి గురించి, చివరికి 1289లో చనిపోయినట్టు చందుపట్ల శాసనం చెబుతున్న సంగతి గురించి. ఆ గోడ మీద గాలి తగులుతుండగా చెప్తే మా మేనకోడలు నోరు తెరుచుకుని విన్నది, అదే కథ పుస్తకంలో చదివితే రెండో పేజీ దాటలేదు. పైన పట్టుకోవడానికి రైలింగ్ లాంటిదేమీ ఉండదు, చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు. వానాకాలం అయితే రాయి జారుతుంది, అప్పుడు ఎక్కకపోవడమే మేలు.

కోట నడిమధ్యలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు. వాటి మధ్యలో ఒకప్పుడు స్వయంభూ శివుడి గుడి ఉండేది. 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును గెలిచి, ప్రతాపరుద్రుణ్ణి బందీగా పట్టుకుపోయాక ఆ గుడి కూలింది, తోరణాలు నిలిచాయి. తెలంగాణ ప్రభుత్వ చిహ్నం మీద కనిపించేది ఈ తోరణమే, పిల్లలు చూడగానే గుర్తుపడతారు. పైన రెండు చివర్లా హంసలుంటాయి, కింద నుంచి చూస్తే చిన్నగా కనిపిస్తాయి, ఫోన్ కెమెరాలో దగ్గరికి తెచ్చి చూపించండి. అయితే నేను చెప్పేదేమిటంటే, తోరణాల కంటే ఎక్కువసేపు కింద పరిచి ఉన్న శిల్పాల దగ్గర గడపండి. కూలిన గుడి ముక్కలన్నీ ఆ ఆవరణలోనే వరసగా పెట్టారు. మామూలు గుడిలో పైకప్పు మీద చెక్కిన పద్మాన్ని మెడ విరిగేలా తలెత్తి చూడాలి, అదీ చీకట్లో. ఇక్కడ అదే రాయి నేల మీద, ఎండ వెలుతురులో ఉంది. పిల్లవాడు గొంతుకూర్చుని ముక్కు ఆనించేంత దగ్గర నుంచి రేకు రేకూ చూడొచ్చు. ఒక్కో రేకు కొసన ఉలి ఎక్కడ ఆగిందో కూడా తెలుస్తుంది. శిల్పాల మీదికి ఎక్కి ఫోటోలు దిగే వాళ్లు కనిపిస్తారు, మన పిల్లల్ని మాత్రం ఎక్కనివ్వకండి.

అక్కడి నుంచి నడిచిపోయేంత దూరంలోనే ఖుష్ మహల్ ఉంది. కాకతీయుల తర్వాతి కాలంలో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని చెబుతారు. గోడలు వాలుగా ఉండే తుగ్లక్ కాలపు పద్ధతి, లోపల ఎత్తైన కమాన్లు, దొరికిన శిల్పాలు కొన్ని లోపల పెట్టారు. మెట్లెక్కి డాబా మీదికి పోతే కోట మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. హాలు చల్లగా ఉంటుంది, ఎండలో తిరిగి తిరిగి వచ్చాక పది నిమిషాలు కూర్చోవడానికి ఇంతకు మించిన చోటు లేదు. ఓపిక ఉంటే ఏకశిల గుట్ట కూడా ఎక్కొచ్చు, లేకపోతే వదిలేయండి.

కోటకు ఉన్న పెద్ద ఇబ్బంది నీడ. తోరణాల దగ్గర చెట్లూ గడ్డీ ఉన్నాయి గానీ గోడ మీద ఏమీ ఉండదు. ఎండాకాలంలో పొద్దున పది దాటాక రాయి కాలిపోతుంది. పొద్దున్నే ఎనిమిదికల్లా లోపల ఉండండి, లేదా నాలుగు తర్వాత పోండి. నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకోండి. తోరణాల ఆవరణకు కేంద్ర పురావస్తు శాఖ టికెట్ ఉంది, 15 ఏళ్ల లోపు పిల్లలకు అక్కర్లేదు. టికెట్ పోగొట్టుకోవద్దు, జేబులో పెట్టుకోండి, బయటికి పోయి వచ్చినప్పుడు అడుగుతారు. నడవలేని పెద్దవాళ్లుంటే తోరణాల దగ్గర చెట్ల కింద కూర్చోబెట్టి మిగతావాళ్లు గోడ చూసి రావచ్చు, కానీ వాళ్లు రెండు గంటలు ఒంటరిగా కూర్చోవాలి, అది ఆలోచించుకోండి.

పెద్దవాళ్లే ముఖ్యం అనుకుంటే వేయిస్తంభాల గుడి పెట్టుకోండి. బస్సు దిగిన చోటుకు దగ్గరే, హన్మకొండ బస్టాండు నుంచి ఆటోలో అయిదు నిమిషాలు, ఆటో గేటు ముందే ఆపుతాడు. నడక తక్కువ, మెట్లు తక్కువ, కూర్చోవడానికి అరుగులున్నాయి, పూజ జరిగే గుడి కాబట్టి దర్శనం అయిందన్న తృప్తీ ఉంటుంది. మా ఇంట్లో పెద్దవాళ్లకు కోటలో గంట తిరిగినా చూసినట్టు అనిపించదు, ఇక్కడ రుద్రేశ్వరుడికి దండం పెట్టుకుని కాసేపు కూర్చుంటే చాలు, ప్రయాణం సార్థకమైనట్టు. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి ఇది. అంతవరకూ చాళుక్యుల కింద సామంతులుగా ఉన్న కాకతీయులు సొంతంగా నిలబడ్డారని చాటిన శాసనం ఇక్కడే ఉంది. ఒకే మండపం చుట్టూ మూడు గర్భగుళ్లు, శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి. స్తంభాలు వెయ్యి ఉన్నాయా అని పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెడతారు, చిన్నవీ పెద్దవీ, గోడల్లో కలిసిపోయినవీ అన్నీ లెక్కలోకి వస్తాయని చెప్పి వాళ్ల పని వాళ్లను చేసుకోనివ్వండి, మీరు నంది దగ్గరికి పోండి. నల్లరాతి నంది, మెడలో గంటల పట్టెడలు, గజ్జెలు, వీపు మీద గొలుసులు, ఒంటి మీద నునుపు ఇప్పటికీ తగ్గలేదు. పక్క నుంచి వెలుతురు పడ్డప్పుడు చూస్తే రాయి అని అనిపించదు.

ఈ గుడిలో ఇప్పుడు చూడాల్సింది ఇంకోటుంది, కల్యాణమండపం. పునాది కుంగిపోతోందని 2006లో దాన్ని విప్పారు. ఒక్కో రాయికీ నంబరు వేసి పక్కన పెట్టారు. ఏళ్లకు ఏళ్లు ఆ రాళ్లు అట్లాగే పడి ఉంటే ఇక ఇది అయ్యే పని కాదని ఊళ్లో అందరం అనుకున్నాం. చివరికి మళ్లీ రాయి రాయీ పేర్చి 2024 మార్చిలో, శివరాత్రికి తెరిచారు. లోపలికి పోయి స్తంభాల వంక నిదానంగా చూడండి, పాత రాయి ఏదో, విరిగిపోయిన చోట కొత్తగా చెక్కి పెట్టింది ఏదో రంగులో తేడా తెలుస్తుంది. నాకైతే గుడి మొత్తంలో ఈ మండపం దగ్గరే ఎక్కువ సంతోషం కలుగుతుంది, మన కాలపు స్థపతులు కూడా ఆ పని చేయగలిగారని.

గంటన్నరలో ఈ గుడి అయిపోతుంది కాబట్టి జతగా భద్రకాళి గుడి పెట్టుకోవచ్చు. చెరువు గట్టున సాయంత్రం కూర్చుంటే పెద్దవాళ్లకు హాయిగా ఉంటుంది, పిల్లలకు కట్ట మీద నడవడానికి దారి ఉంది. ఎక్కగలిగిన వాళ్లుంటే పద్మాక్షి గుట్ట ఇంకా మంచి జత, గుట్ట మీద జైన శిల్పాలున్నాయి, కాకతీయులకు జైనంతో ఉన్న బంధం ఓరుగల్లులో మరెక్కడా ఇంత స్పష్టంగా కనిపించదు. సద్దుల బతుకమ్మ రోజు ఆ గుట్ట కింద, ఎంగిలిపూల రోజు వేయిస్తంభాల గుడి దగ్గర ఇసుకేస్తే రాలనంత జనం ఉంటారు. బతుకమ్మ చూడాలని వచ్చేవాళ్లకు అంతకన్నా కావాల్సిందేమీ లేదు, శిల్పాలు చూడాలని వచ్చేవాళ్లు మాత్రం ఆ రెండు రోజులూ, శివరాత్రి, కార్తీక సోమవారాలూ తప్పించుకోవాలి.

రామప్ప సంగతి వేరు. శిల్పం పరంగా చూస్తే పైన చెప్పినవన్నీ ఒక ఎత్తు, రామప్ప ఒక్కటే ఒక ఎత్తు. అందులో నాకు రెండో మాట లేదు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. దేవుడి పేరు రామలింగేశ్వరుడైనా గుడి మాత్రం చెక్కిన శిల్పి పేరుతో పిలవబడుతోందని మన పెద్దవాళ్లు చెప్పుకునే మాట. ఎర్ర ఇసుకరాతి గోడలు, నల్లరాతి స్తంభాలు, చూరు కింద వంగి నిలబడ్డ మదనికలు. ఆ మదనికల్లో ఒకామె కాళ్లకు మడమ ఎత్తు చెప్పులుంటాయి, ఒకామె ఒంటి మీద పాములుంటాయి, అడవిలో తిరిగే ఇంకొకామె కాలిలో ముల్లు తీయించుకుంటూ ఉంటుంది, ముల్లు గుచ్చుకున్న చోట పాదం ఉబ్బి ఉండటం కూడా చెక్కారు. లోపల నాలుగు స్తంభాల మధ్య రంగమండపంలో నల్లరాయి ఎంత నునుపంటే మన మొహం మసకగా కనిపిస్తుంది. నృత్య భంగిమలు గోడల నిండా ఉన్నాయి, నాట్యగురువు నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యాన్ని మళ్లీ బతికించడానికి ఈ శిల్పాలే ఆధారమయ్యాయి. గోపురానికి వాడిన ఇటుక నీళ్లలో తేలుతుంది, గుడి పునాదిలో ఇసుక నింపారు, నేల అక్కడక్కడా కుంగి అలలాగా వంగినా గుడి కూలలేదు. నందిని మర్చిపోవద్దు, చెవులు రిక్కించి, ఒక కాలు లేపి, శివుడు పిలిస్తే ఇప్పుడే లేచిపోయేట్టు కూర్చుంటుంది.

మరి ఇంత గొప్పదాన్ని అందరికీ ఎందుకు చెప్పడం లేదంటే, రామప్ప ఓపికగా చూడాల్సిన గుడి. ఒక్కో శిల్పం దగ్గర ఆగాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు తేలే ఇటుక, చెప్పులేసుకున్న మదనిక చూశాక అరగంటకే ఇక పోదాం అంటారు, అది వాళ్ల తప్పు కాదు. పదో తరగతి పిల్లలు, డ్రాయింగ్ వేసేవాళ్లు, నాట్యం నేర్చుకునేవాళ్లు ఉంటే కళ్లు మూసుకుని రామప్పకే పోండి, రోజంతా దానికే ఇవ్వండి. పెద్దవాళ్లను తీసుకుపోవచ్చు గానీ గుడి ఎత్తైన పీఠం మీద ఉంటుంది, మెట్లెక్కి ఉత్త కాళ్లతో చుట్టూ తిరగాలి. మధ్యాహ్నం ఆ రాయి మీద అడుగు పెట్టలేం. సాక్సులు వేసుకురండి, పిల్లలకైతే తప్పనిసరి. హన్మకొండలో ఏడింటికి బయల్దేరితే ఎండ ముదరకముందే చూడటం అయిపోతుంది.

రామప్పకు జత ఏది పెట్టుకోవాలన్న దాని మీద కూడా నాకొక అభిప్రాయం ఉంది. చాలామంది లక్నవరం అంటారు. పిల్లలుంటే సరే, వేలాడే వంతెన మీద నడుస్తారు, పడవెక్కుతారు, ఆ నీళ్లూ అడవీ చూస్తే పెద్దవాళ్లకూ బాగుంటుంది, పైగా అదీ కాకతీయుల కాలం చెరువే. చరిత్ర కోసమే వచ్చేవాళ్లైతే లక్నవరం వదిలేసి ఘన్‌పూర్ కోటగుళ్లకు పోండి, రామప్పకు పది కిలోమీటర్ల లోపే. గణపేశ్వరాలయం, చుట్టూ చిన్న చిన్న గుళ్లు, సగం కూలిపోయి ఉన్నాయి. జనం తక్కువ. రామప్పలో బస్సులొచ్చి దిగుతుంటే నిలబడి చూసే వీలుండదు, ఇక్కడ మీరు తప్ప ఎవరూ ఉండకపోవచ్చు. ఏదీ వద్దనుకుంటే గుడి పక్కనే రామప్ప చెరువుంది, కట్ట మీద చెట్ల కింద సద్ది విప్పుకుని తినండి, అదే పెద్ద విహారం. మేడారం జాతర జరిగే ఏడు మాత్రం జాతర వారమూ, దాని ముందు వెనకా ఆ దారిలో కుటుంబంతో రామప్ప ప్లాన్ పెట్టుకోవద్దు. ములుగు రోడ్డు మొత్తం జాతర బండ్లే ఉంటాయి.

చరిత్ర అంటేనే మొహం తిప్పుకునే పిల్లలుంటే బలవంతం చేయకండి. హంటర్ రోడ్డు మీద జూపార్కుంది, సైన్స్ సెంటరుంది, పొద్దున కోటలో రెండు గంటలు తిప్పి, సాయంత్రం ఈ రెండిట్లో ఒకటి చూపిస్తామని ముందే ఒప్పందం చేసుకోండి. పొద్దున పేచీ ఉండదు. వారపు సెలవు ఏ రోజో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.

నన్నడిగితే కోటకు జతగా ఇంకా మంచిది కొత్తవాడ. వరంగల్ జంపఖానాలు నేసే వాడ అది, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చాలామందికి ఇది చూసే చోటు అని తట్టదు. మగ్గం ముందు కూర్చున్న పెద్దాయన దారం లాగి, పలక కొట్టి, ఎర్రచారకు పక్కన నల్లచార ఎట్లా వేస్తాడో చూస్తే పిల్లలు కదలరు. అది ఒకరి ఇల్లు, ఒకరి బతుకుదెరువు, కాబట్టి ముందు అడిగి లోపలికి పోండి, ఫోటోకు కూడా అడగండి. చూసినందుకు ఒక చిన్న జంపఖానా అయినా కొనండి. ఏళ్లకు ఏళ్లు మన్నుతుంది, నేసినాయనకు నాలుగు పైసలు మిగులుతాయి.

గైడ్ కావాలా వద్దా అంటే, రామప్పలో తప్పకుండా పెట్టుకోండి, కోటలో మీకు కాస్త తెలిసి ఉంటే అక్కర్లేదు. గైడ్‌ను పిలిచినప్పుడు మొదటి అయిదు నిమిషాలు ఏం చెబుతున్నాడో వినండి. కోహినూర్ వజ్రం ఇక్కడిదే, కోట నుంచి వేయిస్తంభాల గుడికి సొరంగం ఉంది, ఫలానా చోట నిధి ఉంది, ఇట్లా మొదలుపెడితే మర్యాదగా మాట మార్చి, ఈ రాయి మీద ఏముందో చూపించన్నా అని అడగండి. వజ్రం కథకు గట్టి ఆధారం లేదు, సొరంగం సంగతీ అంతే. కథలు చెప్పొద్దని కాదు, పిల్లలకు కథలు కావాలి, కానీ కళ్ల ముందున్న శిల్పాన్ని చూపించకుండా కనపడని సొరంగం గురించి గంట మాట్లాడితే మన టైమంతా దానికే పోతుంది. మంచి గైడ్ మీ చెయ్యి పట్టుకుని పోయి, శిల్పంలో సూది మాత్రమే దూరేంత సన్నని సందు చూపిస్తాడు, స్తంభాన్ని మీటి స్వరం వినిపిస్తాడు. అట్లాంటి వాళ్లు ఉన్నారు, అడిగినదానికి పైన ఇంకో వంద ఇచ్చినా తప్పు లేదు.

కోటలో సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది. తెలుగులో చెప్పేది ఎన్నింటికో పగలే టికెట్ కౌంటర్లో అడిగి పెట్టుకోండి, వాన పడితే వేయరు. పదేళ్లు దాటిన పిల్లలకు బాగా నచ్చుతుంది, చీకట్లో తోరణాల మీద వెలుతురు పడుతుంటే నాకు ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరిస్తుంది. చిన్నపిల్లలు మాత్రం సగంలో నిద్రపోతారు, దోమలు కుడతాయి. షో అయ్యాక కోటలో ఆటో దొరకడం కష్టం, పోయిన ఆటోనే ఆపుకోండి, లేకపోతే ఫోన్ నంబరు తీసుకోండి.

బండి విషయానికొస్తే, ఊళ్లో తిరగడానికి కారు కంటే ఆటోనే సుఖం. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా పూర్తిగా మాట్లాడుకోండి, ఎక్కడెక్కడ ఆపాలో, ఎంతసేపు ఆగాలో ముందే చెప్పి రేటు తేల్చుకోండి, చివర్లో మాట పట్టింపు ఉండదు. రామప్పకైతే సొంత కారో, అద్దె కారో ఉండాలి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు పర్యాటక శాఖ బస్సు టూర్ గురించి అడుగుతుంటారు. డ్రైవింగ్ టెన్షన్ ఉండదు, తిండి, రూమ్ వాళ్లే చూసుకుంటారు, ఇద్దరే వచ్చే పెద్ద వయసు దంపతులకు అది మంచిదే. పిల్లలున్న ఇంటికి మాత్రం నేను చెప్పను, ఎందుకంటే బస్సు మన పిల్లవాడి కోసం ఆగదు, వాడికి నచ్చిన చోట ఇంకో పావుగంట ఉందామన్నా కుదరదు.

ఇక ఎటు నుంచి వస్తున్నారన్నది కూడా లెక్కే. సికింద్రాబాద్ వైపు నుంచి రైల్లో వచ్చి కోట చూడాలనుకుంటే కాజీపేటలో దిగకండి, వరంగల్ స్టేషన్ దాకా రండి, అక్కడి నుంచి కోట దగ్గర. మంచిర్యాల, పెద్దపల్లి, జమ్మికుంట వైపు నుంచి వచ్చే రైళ్లలో కొన్ని కాజీపేట నుంచి హైదరాబాద్ వైపు మళ్లిపోతాయి, చూసుకుని ఎక్కండి. కరీంనగర్ నుంచి బస్సులో వస్తే హుజూరాబాద్, ఎల్కతుర్తి మీదుగా ముందు హన్మకొండే తగులుతుంది, పొద్దున్నే వేయిస్తంభాల గుడి చూసుకుని, ఎండ తగ్గాక కోటకు రండి. ఖమ్మం, తొర్రూరు, నర్సంపేట వైపు నుంచి వచ్చేవాళ్లు దానికి తిరగేసి పెట్టుకోండి, ముందు కోట, సాయంత్రం గుడి. పెద్దవాళ్లూ పిల్లలూ ఇద్దరూ ఉంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర దాకా ఎక్కడైనా రూమ్ తీసుకుని అన్నం తిని ఒక కునుకు తీయండి. రూమ్‌కు పెట్టిన డబ్బు దండగ అనుకోకండి, సాయంత్రం అందరూ మళ్లీ నడవగలిగేది ఆ కునుకు వల్లే.